నానో పౌచ్ అని రేటున్నర అడుగుతున్నారు, పల్లీ పొడికి నిజంగా పనికొస్తుందా?

కోనసీమ_వంటిల్లు

నమస్తే అండి అందరికీ. మాది అమలాపురం దగ్గర. నేనూ మా తోడికోడలూ కలిసి ఇంట్లోనే పొడులు, జంతికలు చేసి అమ్ముతాం, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు సాయం వస్తారు. నెలకి ఏడెనిమిది వందల పాకెట్లు వెళ్తాయి. సగం హైదరాబాద్, బెంగళూరు కొరియర్, కొన్నేమో అమెరికా వెళ్లేవాళ్లు సూట్‌కేసులో పెట్టుకుని పట్టుకెళ్తారు.

ఇప్పటిదాకా వాడుతున్నది మామూలు ట్రాన్స్‌పరెంట్ స్టాండప్ పౌచ్, జిప్ ఉన్నది. బిల్లు మీద పాలియెస్టర్ 12 మైక్రాన్, లోపల పాలీ (పాలిథీన్) 50 మైక్రాన్ అని ఉంటుంది. పావు కిలోది 4 రూపాయలు పడుతుంది. సమస్య ఏంటంటే నెల దాటేసరికి కంప్లయింట్లు మొదలవుతున్నాయి. పల్లీ పొడి పాత నూనె వాసన వస్తోందని ఒకరు, కొబ్బరి కారం సబ్బు వాసన వస్తోందని ఇంకొకరు, జంతికలు మెత్తబడ్డాయని ఇంకొకరు. మొన్న దసరాకి పంపిన ఆర్డర్‌లో ఒకావిడ వీడియో కాల్ చేసి, పాకెట్ కత్తిరించి జంతిక వంచి చూపించింది, విరగలేదు, వంగింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. డబ్బులు వెనక్కి ఇచ్చేశాను.

ఇప్పుడు మాకు పౌచ్‌లు ఇచ్చే ఏజెంట్ కొత్తగా నానో కాంపోజిట్ పౌచ్ అని తెచ్చాడు. లోపల పాలీ పొరలో నానో క్లే, నానో సిల్వర్ కలిపారట, గాలి దూరదట, బ్యాక్టీరియా చచ్చిపోతుందట, 6 నెలలు గ్యారంటీ అట. రేటు 6.50. పైగా కనీసం 10 వేలు తీసుకోవాలి, అంటే ఒకేసారి 65 వేలు. శాంపిల్ పది ఇచ్చాడు. చూస్తే మామూలు పౌచ్ లాగే ఉంది, కాకపోతే కాస్త మసకగా ఉంది, విప్పగానే లోపల ఏదో వాసన కూడా. టెస్ట్ రిపోర్ట్ ఇవ్వమంటే వాట్సాప్‌లో బ్రోచర్ పంపాడు. దాన్లో ఒక్క అంకె లేదు, పచ్చటి ఆకు బొమ్మ మాత్రం ఉంది.

అసలు ఈ నానో అంటే ఏంటండీ? మట్టి కలిపితే గాలి ఎలా ఆగుతుంది? అది తిండిలోకి దిగదా? మా అత్తగారైతే "వెండి గిన్నెలో పిల్లలకి పాలు పట్టలేదా, వెండి మంచిదేలే" అంటున్నారు. నాకేమో 65 వేలు అంటే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

పాలిమర్_పంతులు

మేడమ్, ఫిల్మ్ ప్లాంట్‌లో ఆరేళ్లు పనిచేశాను, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఒక మాట. నానో కాంపోజిట్ అనేది మోసం కాదు. నిజంగా ఉన్న సంగతే. 1980ల చివర జపాన్‌లో టయోటా పరిశోధనశాలలో నైలాన్‌లో కొద్దిగా మట్టి కలిపి, గట్టిదనం బాగా పెరిగిందని చూశారు, మొదట కారు ఇంజన్ మీద కవర్‌కి వాడారు. తిండి ప్యాకింగ్ వాళ్లు దాని వెంటపడింది తర్వాత. ఆ మట్టి పేరు మాంట్‌మొరిల్లోనైట్, బెంటోనైట్ అనే బంకమట్టిలో ఉండేది అదే, మన దేశంలో కచ్ వైపు బాగా దొరుకుతుంది. మీకు గూడూరు అభ్రకం తెలుసు కదా, గోరుతో గీకితే పొరలు పొరలుగా లేస్తుంది, ఈ మట్టి కూడా అలా పొరల మట్టే, కాకపోతే ఒక్కో పొర మందం ఒక్క నానోమీటర్. వెంట్రుక మందం 80 వేల నానోమీటర్లు అనుకుంటే అందులో ఒకటి. పొర వెడల్పు మాత్రం మందానికి వంద రెట్లు, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది.

గాలి ఎలా ఆగుతుందంటే, అసలు ఆగదు. చుట్టూ తిరిగి వెళ్తుంది. తిరుమల క్యూలో గేటు నుంచి గుడికి నేరుగా నడిస్తే నాలుగడుగులే, కానీ కటకటాలు పెట్టి అటూ ఇటూ తిప్పుతారు చూడండి, గంట పడుతుంది. ప్లాస్టిక్‌లో ఆక్సిజన్ అణువుకి ఈ మట్టి పలకలు ఆ కటకటాల్లాంటివి. దీనికి నీల్సన్ అనే ఆయన 1967లో ఇచ్చిన సూత్రం ఉంది. పలక వెడల్పు మందానికి 100 రెట్లు ఉండి, ఘనపరిమాణంలో 2 శాతం మట్టి కలిపితే (బరువులో సుమారు 5 శాతం), దూరే గాలి సగానికి తగ్గుతుంది. అదీ పలకలన్నీ విడివిడిగా విడిపోయి, ఫిల్మ్‌కి సమాంతరంగా పడుకుంటేనే. విడిపోకుండా గుత్తులుగా ఉండిపోతే సూత్రం పుస్తకంలోనే ఉంటుంది.

మీరు చెప్పిన మసక దగ్గర నాకు అనుమానం వచ్చింది అందుకే. పొరలు బాగా విడిపోతే కాంతి కంటికి ఏమీ చూపించదు, ఫిల్మ్ తేటగా ఉంటుంది. మసకగా ఉందంటే మట్టి గడ్డలు గడ్డలుగా ఉందనే నా ఊహ. పాలీ, పీపీ (పాలీప్రొపిలీన్) లాంటివి నూనె స్వభావం ఉన్న ప్లాస్టిక్‌లు, మట్టికి నీళ్లంటే ఇష్టం. రెండూ కలవాలంటే మట్టికి ఒక అమ్మోనియం సబ్బు లాంటి మందు పట్టించాలి, ఇంకా మధ్యలో ఒక జిగురు పాలిమర్ వేయాలి. ఈ మందు 200 డిగ్రీలు దాటితే విరిగిపోతుంది, అప్పుడు పసుపు రంగు, చేపలాంటి వాసన వస్తాయి. మీ పౌచ్ వాసన అదేనని నేను చెప్పలేను గానీ, అనుమానించాల్సిన విషయమే.

ఇక అసలు సంగతి. మట్టి ఏ పొరలో ఉంది? మీ ఏజెంట్ లోపలి పాలీలో అన్నాడు కదా. మీ పౌచ్‌లో ఆక్సిజన్‌ని ఆపుతున్నది బయటి 12 మైక్రాన్ పాలియెస్టర్. దాని ఆక్సిజన్ రేటు, అంటే దానిలోంచి దూరే ఆక్సిజన్, చదరపు మీటరుకి రోజుకి సుమారు 110 సీసీ. లోపలి 50 మైక్రాన్ పాలీది 3,500 దాకా ఉంటుంది. పాలీ ఉన్నది సీల్ పడటానికి, తేమకి, గాలిని ఆపడానికి కాదు. రెండూ ఒకదాని వెనక ఒకటి ఉంటే మొత్తం 107 వస్తుంది. ఇప్పుడు నానో మట్టి మాయ చేసి పాలీది సగానికి, అంటే 1,750కి దించింది అనుకుందాం. మొత్తం ఎంత వస్తుంది? 103. నాలుగు తగ్గింది. వీధి గుమ్మానికి చెక్క తలుపు ఉంది, లోపల దోమతెర ఉంది, దోమతెర కన్నాలు సగం చేశాం కాబట్టి దొంగ రాడు అన్నట్టుంది ఇది. ఈ నాలుగు సీసీ కోసం మీరు పౌచ్‌కి రెండున్నర రూపాయలు ఎక్కువ ఇస్తున్నారు.

అదే మట్టిని బయటి పాలియెస్టర్ మీద పూతగా వేస్తే కథ వేరు. నైలాన్‌లో కలిపితే వేరు. విదేశాల్లో బీరు ప్లాస్టిక్ బాటిళ్లలో మధ్య పొరగా నైలాన్-మట్టి వాడారు, అక్కడ పనిచేసింది.

ఇంకో లెక్క చూడండి. పౌచ్ 15 సెంటీమీటర్ల వెడల్పు, 20 పొడుగు అనుకుంటే రెండు వైపులా కలిపి 0.06 చదరపు మీటరు. బయట గాలిలో ఆక్సిజన్ 21 శాతమే కాబట్టి 107 × 0.06 × 0.21, అంటే రోజుకి 1.35 సీసీ, 40 రోజులకి 54 సీసీ ఆక్సిజన్ మీ పల్లీ పొడిలోకి వెళ్తోంది. వేసవిలో 35 డిగ్రీల గదిలో ఇది ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఇప్పుడు అదే సైజులో లోపల వెండి రంగు ఉండే మెటలైజ్డ్ పాలియెస్టర్ పౌచ్ తీసుకోండి, దాని ఆక్సిజన్ రేటు 1 దగ్గర ఉంటుంది. 40 రోజులకి అర సీసీ. యాభై నాలుగెక్కడ, అర ఎక్కడ!

తమాషా ఏంటంటే ఆ వెండి రంగు పొర అల్యూమినియం ఆవిరి పట్టించింది, దాని మందం 30 నుంచి 50 నానోమీటర్లు. చిప్స్ పాకెట్ లోపల తళతళలాడేది అదే. అసలైన నానో పొర ఎప్పటినుంచో కిరాణా కొట్లో వేలాడుతోంది, ఎవరూ దాన్ని నానో అని అమ్మలేదు అంతే.

కోనసీమ_వంటిల్లు

పంతులు గారూ, రెండుసార్లు చదివాను, దోమతెర దగ్గర నవ్వొచ్చింది. ఏజెంట్‌కి ఇప్పుడే ఫోన్ చేశాను, మట్టి ఏ పొరలో అంటే "లోపల పాలీలోనే మేడమ్, ఫుడ్‌కి తగలాలి కదా అప్పుడే పనిచేస్తుంది" అన్నాడు. ఆక్సిజన్ రేటు ఎంత అంటే "చాలా తక్కువ మేడమ్" అన్నాడు. ఎంత తక్కువ అంటే ఫోన్ కట్ అయిపోయింది.

కానీ వెండి రంగు కవర్ వేస్తే లోపల పొడి కనపడదు కదండీ. మా దగ్గర కొనేవాళ్లు రంగు చూసి కొంటారు. అదీ కాక కొబ్బరి కారం, పల్లీ పొడి రెండూ ఒకేలా పాడవుతున్నాయా, వేరువేరా?

రోల్‌స్టాక్_రాజు

జీడిమెట్లలో చిన్న లామినేషన్ యూనిట్ ఉంది నాకు, అంచేత నేను అమ్మేవాడి వైపు మాట కూడా చెప్తాను. పంతులు గారి లెక్క కరెక్టే, కానీ ఆయన చెప్పని ఒకటుంది. మెటలైజ్డ్ పౌచ్‌ని కొరియర్ వాడు మూటలో వేసి నలిపితే ఆ అల్యూమినియం పొర మడతల దగ్గర చిట్లుతుంది. కొత్త ఫిల్మ్ మీద తీసిన 1 అనే అంకె పార్శిల్ అమెరికా చేరేసరికి 1 ఉండదు. మట్టి ప్లాస్టిక్ లోపల కలిసి ఉంటుంది కాబట్టి నలిగినా దానికి పెద్దగా ఏం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. పైగా ట్రాన్స్‌పరెంట్‌గా ఉంటుంది, మెటల్ డిటెక్టర్‌కి అడ్డం రాదు. వాసన సంగతికొస్తే అది మట్టి మందే కానక్కర్లేదు, సగం సార్లు ప్రింటింగ్ ఇంకులో సాల్వెంట్ ఆరక ముందే రోల్ చుట్టేస్తారు, ఆ వాసన. మాకూ ఒకసారి జరిగింది, టీ పొడి వాళ్లు రెండు టన్నులు వెనక్కి పంపారు.

అక్కా, మీకు సలహా. పొడి కనపడాలంటే ముందువైపు చిన్న కిటికీ వదిలి మిగతా అంతా మెటలైజ్డ్ పెట్టొచ్చు, లేదంటే ముందు ట్రాన్స్‌పరెంట్, వెనక మెటలైజ్డ్. కానీ గాలికి కిటికీ చాలు. కిటికీ సైజు ఎంతుంటే అంత లెక్క పెరుగుతుంది. అసలు నిజం చెప్పాలంటే వెలుగు కూడా నూనెని పాడుచేస్తుంది, కొట్లో ట్యూబ్‌లైట్ కింద నెల రోజులు వేలాడే ట్రాన్స్‌పరెంట్ పాకెట్ ఏం బతుకుతుంది? రంగు చూపించాలంటే కవర్ మీద మంచి ఫొటో వేయించుకోండి, పొడిని ఎండలో పెట్టకండి.

10 వేలు ఒకేసారి కొనొద్దు. మెటలైజ్డ్ ప్లెయిన్ స్టాండప్ పౌచ్‌లు రెడీమేడ్‌గా వంద, రెండొందలు కూడా దొరుకుతాయి, స్టిక్కర్ అంటించుకుంటే సరిపోతుంది. మీరు నెలకి ఎనిమిది వందలు అమ్ముతుంటే 10 వేల పౌచ్‌లు ఏడాది పైన ఇంట్లో పడుంటాయి.

పాలిమర్_పంతులు

రాజు గారు మడతల విషయం కరెక్ట్‌గా పట్టుకున్నారు. ఒప్పుకుంటున్నాను.

కొబ్బరి ప్రశ్న చాలా మంచిది మేడమ్, ఎందుకంటే మీవి రెండు వేరు జబ్బులు, ఒక మందు పనిచేయదు. పల్లీ నూనెలో వచ్చే పాత నూనె వాసన ఆక్సిజన్ వల్ల. కొబ్బరిలో సబ్బు వాసన తేమ వల్ల. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, నీళ్లు తగిలి కొవ్వు విరిగితే ఆ ఆమ్లం విడిగా బయటపడుతుంది, నాలుక మీద సబ్బులా తగులుతుంది. ఎండు కొబ్బరి సరిగ్గా ఎండకపోయినా, ఎక్కడైనా బూజు మొదలైనా, వేయించకుండా వేసినా ఇది వస్తుంది. దానికి బంగారం పూత పౌచ్ వేసినా లాభం లేదు, కొబ్బరిని ముందు బాగా వేయించి, పూర్తిగా చల్లారాక రుబ్బండి. జంతికలు మెత్తబడటం కూడా తేమే. నీటి ఆవిరి దూరే రేటు కూడా మీ పౌచ్ కన్నా మెటలైజ్డ్‌లో చాలా తక్కువ.

మీరు వేడిగా ప్యాక్ చేస్తున్నారా? చేస్తే ఆవిరి లోపలే నీరౌతుంది.

ఇంకోటి, సీల్ చేసేటప్పుడు పాకెట్‌లో ఎంత గాలి వదులుతున్నారు? 100 మిల్లీలీటర్ల గాలి ఉందనుకోండి, అందులో 21 సీసీ ఆక్సిజన్ మీరే దగ్గరుండి లోపల పెట్టి సీల్ వేశారు. మెటలైజ్డ్ పౌచ్ 40 రోజుల్లో అర సీసీ మాత్రమే రానిస్తుంది, కానీ మీరు మొదటి రోజే 21 పెట్టేశారు. అందుకే చిప్స్ వాళ్లు నైట్రోజన్ కొడతారు. మిగిలే ఆక్సిజన్ 2 శాతానికి వస్తే ఆ 21 కాస్తా 2 అవుతుంది. ఇంత చిన్న స్కేల్‌లో నైట్రోజన్ కష్టమైతే, కనీసం చేత్తో గాలి నొక్కి తీసేసి సీల్ వేయండి.

పెరుగు_బాబాయ్

అంతా మట్టి గురించే మాట్లాడుతున్నారు, వెండి సంగతి ఎవరూ చెప్పరేం? మేము డెయిరీలో ట్రయల్‌కి నానో సిల్వర్ డబ్బాలు తీసుకున్నాం, పెరుగు రెండు రోజులు ఎక్కువ నిలిచింది. బ్యాక్టీరియా చస్తుంది అన్నది నిజమే కదా. ఆవిడకి వద్దని చెప్పడం దేనికి?

స్టట్‌గార్ట్_సుబ్బారావు

బాబాయ్, పెరుగుకీ పొడికీ పోలిక లేదు. పెరుగులో నీళ్లున్నాయి, సూక్ష్మజీవులు బతుకుతాయి, సరే. పల్లీ పొడి, జంతికలు ఎండుగా ఉంటాయి, వాటిలో బ్యాక్టీరియా పెరగడానికి నీరే చాలదు. ఆవిడ పొడి పాడవుతున్నది గాలితో నూనె కలిసి, అది రసాయన చర్య, దాన్ని వెండి ఎలా ఆపుతుంది? పైగా పౌచ్ గోడకి తగిలిన పొడికే వెండి తగులుతుంది, మధ్యలో ఉన్న పొడికి దాని వాసన కూడా తెలీదు. మీ పెరుగు ట్రయల్‌లో కూడా ఫ్రిజ్ ఉష్ణోగ్రత, డబ్బా శుభ్రం, అన్నీ ఒకేలా ఉంచి పోల్చారా అని నా అనుమానం, తప్పుగా అనుకోకండి.

నేను ఇక్కడ జర్మనీలో ప్యాకింగ్ నియమాలు చూసే డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను. యూరప్‌లో తిండికి తగిలే ప్లాస్టిక్ మీద 2011 నాటి 10వ నంబర్ రెగ్యులేషన్ ఉంది. అందులో ఒక పదార్థానికి అనుమతి ఉంది కదా అని దాన్ని నానో రూపంలో వాడటానికి వీల్లేదు, నానో అని విడిగా రాసి అనుమతి ఇస్తేనే వాడాలి. అలా ఇచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉదాహరణకి టైటానియం నైట్రైడ్, అదీ పెట్ (పాలియెస్టర్) ప్లాస్టిక్‌లో కిలోకి 20 మిల్లీగ్రాముల లోపు. అమెరికాలో ఇంకో తమాషా, ఫలానాది బ్యాక్టీరియాని చంపుతుంది అని డబ్బా మీద రాస్తే అది పురుగుమందు చట్టం కిందకి వస్తుంది. 2014లో అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ నానో సిల్వర్ ఉన్న తిండి డబ్బాల అమ్మకం ఆపించింది, రిజిస్టర్ చేయలేదని. వంటింట్లో పెట్టుకునే డబ్బా పురుగుమందుల లిస్టులోకి వెళ్లింది.

మన దేశంలో 2018 ప్యాకేజింగ్ రెగ్యులేషన్స్, 2019 జూలై 1 నుంచి అమల్లో ఉన్నాయి. ప్లాస్టిక్ నుంచి తిండిలోకి దిగేది మొత్తం కలిపి కిలోకి 60 మిల్లీగ్రాములు దాటకూడదు, లేదా చదరపు డెసిమీటరుకి 10 మిల్లీగ్రాములు. పరీక్ష ఐఎస్ (భారతీయ ప్రమాణం) 9845 ప్రకారం చేస్తారు, నూనె తిండికి అయితే హెప్టేన్ అనే ద్రావకంతో. పాలీకి ఐఎస్ 10146, పాలియెస్టర్‌కి ఐఎస్ 12252. మీ ఏజెంట్‌ని ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్ నుంచి 9845 రిపోర్ట్ అడగండి, ఆ రిపోర్ట్ మీద ఈ పౌచ్ పేరు, తేదీ ఉండాలి, ఇంకో పౌచ్‌ది కాదు. ఆ రిపోర్ట్ ఉన్నా ఒక మాట. అది దిగినదాని మొత్తం బరువు చూస్తుంది, అందులో నానో ఎంత, వెండి ఎంత అని విడదీసి చెప్పదు.

మట్టి విషయంలో నాకు అంత భయం లేదు. మట్టి పలక ప్లాస్టిక్‌లో ఇరుక్కుపోతే బయటికి రావడం కష్టం. భయం దానికి పట్టించిన మందు మీద, అది చిన్న అణువు, నూనెలోకి దిగగలదు. మీ పల్లీ పొడి నిండా నూనే. పెద్దావిడ చెప్పిన వెండి గిన్నె వేరు, అది ముద్ద వెండి, పాలు పది నిమిషాలు ఉంటాయి. పౌచ్‌లో నూనె పొడి ఆరు నెలలు ఉంటుంది. నేనైతే ఆ పౌచ్ కొనను.

పెరుగు_బాబాయ్

సరే సుబ్బారావు గారూ, పోల్చి చూడలేదు, ఒప్పుకుంటున్నాను. డబ్బాలు కొత్తవి, ఫ్రిజ్ కూడా అదే వారం రిపేరు చేయించాం. ఇంకేం మాట్లాడను.

రోల్‌స్టాక్_రాజు

బాబాయ్ 😀

ఒక చిన్న పరీక్ష చెప్తాను అక్కా, ల్యాబ్ అక్కర్లేదు. మీ దగ్గర ఉన్న పాత పౌచ్‌లు, ఇప్పుడు వాడుతున్నవి, పదింటిలో పొడి వేసి రోజూ వేసినట్టే సీల్ వేయండి. ఒక బకెట్ నీళ్లలో ముంచి చేత్తో గట్టిగా నొక్కండి. బుడగలు ఎక్కడైనా వస్తున్నాయా చూడండి. ఫిల్మ్ ఎంత గొప్పదైనా సీల్ దగ్గర వెంట్రుకంత కన్నం ఉంటే ఈ లెక్కలన్నీ చెత్తబుట్టలోకే. పొడి ప్యాక్ చేసేవాళ్లకి ఎక్కువ సమస్య ఇదే, గరాటు లేకుండా చెంచాతో పోస్తారు, సీల్ పడే చోట పొడి అంటుకుంటుంది, అక్కడ సీల్ కరగదు.

కోనసీమ_వంటిల్లు (నాలుగు రోజుల తర్వాత)

అందరికీ దండాలండి. చేసి వచ్చి రాస్తున్నాను.

బకెట్ పరీక్ష మా తోడికోడలు చేసింది. పదింటిలో మూడింటికి బుడగలు వచ్చాయి. రెండు జిప్ మూల దగ్గర, ఒకటి మాత్రం సీల్ మధ్యలో. ఆ మధ్యలో వచ్చినదాన్ని ఎండలో పెట్టి చూస్తే సీల్ గీతలో ఎర్రటి కారం గింజ ఒకటి ఇరుక్కుని ఉంది. ఇంతకాలం ప్లాస్టిక్‌ని తిడుతున్నాను, తప్పు మా చెంచాది. స్టీలు గరాటు తెప్పించాను, 120 రూపాయలు. సీల్ వేసే ముందు పౌచ్ మూతి పొడి గుడ్డతో తుడవమని ఆడవాళ్లకి చెప్పాను, మొదటి రోజు గొణిగారు, ఇప్పుడు అలవాటైంది.

వేడిగా ప్యాక్ చేస్తున్నారా అని పంతులు గారు అడిగారు కదా. అవునండి, జంతికలు మధ్యాహ్నం వేయించి సాయంత్రం కొరియర్‌కి ఇవ్వాలని గోరువెచ్చగా ఉన్నప్పుడే వేసేసేవాళ్లం. ఇప్పుడు రాత్రంతా చల్లార్చి, పొద్దున్న వేస్తున్నాం. కొబ్బరి విషయం మా అత్తగారికి చెప్తే, "నేను చెప్పలేదా, ముందు దోరగా వేయించమని" అన్నారు. ఆవిడ నిజంగానే చెప్పారు, గ్యాస్ ఎక్కువ అవుతుందని నేనే మానేశాను.

నానో పౌచ్ వద్దని చెప్పేశాను. ఏజెంట్ 5.80కి దిగాడు. 9845 రిపోర్ట్ అడిగితే "అంతా ఎవరు అడుగుతారు మేడమ్" అన్నాడు. రాజు గారు చెప్పినట్టు రెడీమేడ్ మెటలైజ్డ్ పౌచ్‌లు రెండొందలు తెప్పించాను, ఒక్కోటి 5.25 పడింది. నాలుగు రకాలుగా పెట్టి బీరువాలో దాచాను, పాత పౌచ్, మెటలైజ్డ్, ఆ నానో శాంపిల్ కూడా, ఇంకా మెటలైజ్డ్‌లోనే గాలి తీసేసినవి. అన్నింటి మీదా తేదీ రాశాను. నెలకోసారి ఒక్కోటి విప్పి మా ఇంట్లోనే రుచి చూస్తాం, ఏది ఏ పౌచ్‌దో చెప్పకుండా.

రాజు గారూ, ఇంకో ప్రశ్న. బ్యాండ్ సీలర్ మీద వేడి నాబ్ 150 దగ్గర పెట్టి పాత పౌచ్‌లు వేసేదాన్ని. మెటలైజ్డ్ పౌచ్ అక్కడ పెడితే సీల్ చేత్తో లాగితే ఊడిపోతోంది, 180 పెడితే పైన ముడతలు పడుతోంది. ఎంత దగ్గర పెట్టాలి?

రోల్‌స్టాక్_రాజు

నాబ్ మీద అంకె నమ్మొద్దు అక్కా, చిన్న మెషిన్‌లలో అది 20 డిగ్రీలు అటూ ఇటూ చెప్తుంది. 160 నుంచి మొదలుపెట్టి ఐదైదు పెంచుకుంటూ వెళ్లండి, బెల్ట్ స్పీడ్ కొంచెం తగ్గించండి. సీల్ లాగితే గీత దగ్గర ఊడకుండా పక్కన ఫిల్మ్ సాగి చిరగాలి, అప్పుడు సరైన వేడి. జిప్ మూలల దగ్గర నాలుగు పొరలు పడతాయి, ఆ చోట రెండోసారి సీలర్‌లో పంపండి. చేశాక మళ్లీ బకెట్‌లో ముంచి చూడండి.